పొడుగు పాటలో నాలుగో ముక్క

జబ్బార్ భాయ్ పొడుగు పాటలో నాలుగు ముక్కలున్నాయి. హుజూరాబాద్ విన్నది మూడే. నాలుగోది వినకుండానే జనం పెండ్లిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, కొందరు కాలం కూడా చేశారు. ఆ నాలుగో ముక్క బయట రోడ్డు మీద ఒకే ఒక్కసారి మోగింది. ఆ రోజు బండి తోసింది నేను.

నా పేరు లింగమూర్తి. రైస్‌మిల్లులో హమాలీని. ఐదో తరగతిలో బడి మానేశాను. మామూలు రోజుల్లో బస్తాలు, పెండ్లిళ్ళ రోజుల్లో జమాల్ బ్యాండ్ బండి. నాలుగు చక్రాల తోపుడు బండి అది. దాని మీద రెండు మైకులు, బ్యాటరీ, ప్రేమ్‌చంద్ అన్న వాయించే క్యాసియో కీబోర్డు. ముందు ఊదేవాళ్ళు, పక్కన డ్రమ్ములవాళ్ళు, వెనక నేను. ఇరవై ఆరేండ్లు తోశాను. బ్యాండులో వాయించడం రానివాణ్ణి నేనొక్కణ్ణే.

బ్యాండు పెట్టింది జబ్బార్ భాయ్ వాళ్ళ బాపు. ఊళ్ళో మిగతా బ్యాండ్లకు దేవుళ్ళ పేర్లో సినిమాల పేర్లో ఉండేవి. ఈయన మాత్రం పెండ్లాం జమాలున్నీసా పేరు పెట్టాడు. ఎవరైనా నవ్వితే, "మా ఇంట్ల బ్యాండ్ మాస్టర్ ఆమెనే గదా, ఇంకెవల పేరు పెట్టాలె?" అనేవాడట. ఆయన పోయాక బ్యాండు జబ్బార్ భాయ్ చేతికొచ్చింది, క్లారినెట్‌తో సహా.

కానీ క్లారినెట్ కూడు పెట్టదు. ఏడాదిలో పెండ్లిళ్ళు జరిగేది నాలుగైదు నెలలే. అందుకని జబ్బార్ భాయ్ మార్కెట్ దగ్గర చిన్న షెడ్డులో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ములో మనిషి పిండిలో ముంచి తీసినట్టుండేవాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఆయన భార్య హుస్నా భాభీ రోజూ మొత్తుకునేది. ఒక రోజు తానే కట్టి పంపితే, మూల తిరగ్గానే విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"గుడ్డ కట్టుకుంటే ఈల ఎట్లెయ్యాలె?" అన్నాడు నాతో.

పని చేస్తూ ఈల వేసుకునేవాడు. వాయించాల్సిన పాటలన్నీ ఈలలోనే సాధన చేసేవాడు. ఒక్కో ఈలకు ఎంత దుమ్ము లోపలికి పోయిందో ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. చాలా ఏండ్ల తర్వాత డాక్టరు లెక్క చెప్పాడు.

ప్రేమ్‌చంద్ అన్నది మిషన్ కాలనీ. వాళ్ళ నాయన మిషన్ దవాఖానలో తోటమాలి. అక్కడి విదేశీ డాక్టరు పదవీకాలం అయిపోయి వాళ్ళ దేశం పోతూ తోటమాలికి ఒక టేప్‌రికార్డరూ, చెప్పుల డబ్బా నిండా క్యాసెట్లూ ఇచ్చి పోయాడు. అన్నీ ప్రార్థన పాటలు. ఒకదానికి మాత్రం పేరు లేదు, అట్ట లేదు.

తొంభై అయిదులో వానాకాలం. పెండ్లిళ్ళు లేవు. ప్రేమన్న మమ్మల్ని ఇంటికి పిలిచాడు. నేను, జబ్బార్ భాయ్, డ్రమ్ము కొట్టే ఓంప్రకాశ్. లిడియక్క, అంటే ప్రేమన్న భార్య, చాయ్ పోసింది. ప్రేమన్న క్యాసెట్టు వేశాడు. ముందు గాలి లాంటి చప్పుడు, తర్వాత గిటార్లు, తర్వాత చర్చిలో మోగే ఆర్గాన్ లాంటిది. చాయ్ అయిపోయింది, పాట అవలేదు.

"టేపు ఖరాబైందా ఏంది ప్రేమ్? తిరిగిన కాడనే తిరుగుతుంది," అన్నాడు జబ్బార్ భాయ్.

"తిరుగుతలేదుర జబ్బారూ. పాటనే గంత పొడుగున్నది. మంచిగ ఇను, వచ్చిన ముక్క మళ్ళ రాలే."

మధ్యలో ఒకడు జర సేపు పాడి ఆపేశాడు. తర్వాత ఎంతసేపు చూసినా వాడు రాలేదు.

"ఏమైండు వాడు?" అన్నాను.

"పైసలు ఇయ్యకుంటే పోయిండు గావచ్చు," అన్నాడు ఓంప్రకాశ్.

అందరం నవ్వాం. జబ్బార్ భాయ్ నవ్వలేదు. టేపు వైపు వంగి కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు దాటాక పాట పైకి లేచింది. ఇక ఏదో అవుతుంది అనుకున్నప్పుడు టక్కున ఆగింది. పాట అయిపోలేదు. రీలు అయిపోయింది. ఎవరో పెద్ద పాటను చిన్న క్యాసెట్టులో పట్టినంత పట్టించుకున్నారు.

జబ్బార్ భాయ్ క్యాసెట్టు తిప్పి వేశాడు. అటువైపు ఖాళీ.

"ఆఖరు ఏడబాయె?" అన్నాడు.

"నేను గూడ మూడేండ్ల సంది గదే అడుగుతున్న," అన్నాడు ప్రేమన్న.

వాళ్ళ పాట అట్లా మొదలైంది. క్యాసెట్టులో పాటను వాళ్ళు ఎత్తుకోలేదు, ఎత్తుకుందామన్నా మా దగ్గర గిటారు లేదు. అందులోంచి వాళ్ళు తీసుకున్నది ఒక్కటే, పాట గంతసేపు ఉండొచ్చన్న ధైర్యం. మిల్లులో గోదాము ఒకటి ఖాళీగా ఉండేది. శుక్రవారం నమాజు అయ్యాక అందులో చేరేవాళ్ళం. మొదటి ముక్క క్లారినెట్‌ది, నిమ్మళంగా లేస్తుంది. రెండోది క్యాసియో, క్లారినెట్ ఒకదాన్నొకటి తరుముకునేది. మూడోదాంట్లో తాళం ఏడు దెబ్బలు. ఆరు కొడతారు, ఏడోది కొట్టరు. ఆ ఖాళీ జాగాలో అందరూ ఆగాలి.

"లింగమూర్తీ, ఏడో దెబ్బకాడ బండి గూడ ఆగాలె," అన్నాడు జబ్బార్ భాయ్.

"బండికేం తెలుస్తది భాయ్ తాళం?"

"బండికి తెలవది. నీ కాళ్ళకు తెలవాలె."

గోదాములో ఖాళీ బండితో ఆరు అడుగులు వేసి ఆగడం నెలరోజులు నేర్చుకున్నాను. మొదట్లో లెక్కపెట్టేవాణ్ణి. తర్వాత కాళ్ళే ఆగేవి. మిల్లులో బస్తా ఎత్తుకుని పోతూ కూడా ఏడో అడుగు దగ్గర ఆగితే వెనక హమాలీ వచ్చి గుద్దుకుని తిట్టేవాడు.

నాలుగో ముక్క ప్రేమన్న ఒక్కడే కట్టాడు. క్యాసెట్టులో దొరకని ఆఖరును తానే కట్టాలని పట్టుబట్టాడు. ఆ ఏడాదే వాళ్ళ ఒక్కగానొక్క పాప జ్వరంతో చనిపోయింది. ఆరేండ్లది. ఆ ముక్కలో పాప సంగతి ఏమైనా ఉందా అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. అది తొమ్మిది నిమిషాలు. క్లారినెట్ ఒక్కో మెట్టూ దిగుతూ పోతుంది. ఎక్కడా మళ్ళీ పైకి ఎక్కదు. చివరికి ఊపిరి చప్పుడొక్కటే మిగిలి, అది కూడా ఆగుతుంది.

బయట మొదటిసారి వాయించింది సత్తమ్మ పెండ్లిలో. కూరగాయల మార్కెట్ వెనక ఇల్లు వాళ్ళది. ఎదురుకోళ్ళు అయ్యాక పిల్లగాణ్ణి కారులో కూర్చోబెట్టి పందిరి దాకా తీసుకపోవాలి. మేం పొడుగు పాట ఎత్తుకున్నాం. మొదటి ముక్కకే ఆడేవాళ్ళు ఆగిపోయి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో ముక్కలో ఏడో దెబ్బకు అడుగు దొరక్క ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. పిల్లగాని మేనమామ బండికి అడ్డం వచ్చాడు.

"ఏం పాటనయా గిది? పెండ్లిపిలగాడు కార్ల నిద్రవోతుండు! ఎవలన్న సచ్చిన్రా గిట్ల వాయిస్తున్రు?"

"నిద్రవోనియ్ కాక, రేపటి సంది ఎట్ల గూడ నిద్రుండదు," అన్నాడు ఓంప్రకాశ్.

మేనమామ చెయ్యి ఎత్తాడు. అంతలో పందిట్లోంచి పెండ్లిపిల్ల వాళ్ళ అమ్మమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"పిల్ల ఆపొద్దంటుంది. ఇంక జరసేపు ఊదున్రి," అంది.

పెండ్లిపిల్ల మాట. మేనమామ పక్కకు జరిగాడు.

ఎందుకు ఆపొద్దందో సత్తమ్మ తర్వాత కొన్నాళ్ళకు చెప్పింది. "గా పాట మోగినంతసేపు నేను మా అవ్వగారింట్లనే ఉన్న. పాట ఆగితే ఆయన లోపలికొస్తడు. ఇగ గా ఇల్లు నాది గాదు."

ఆ మాట ఆడవాళ్ళ నోట ఊళ్ళు తిరిగింది. మమ్మల్ని మాట్లాడుకునేది పిల్లగాని తరఫువాళ్ళే, కానీ పొడుగు పాట కావాలని కబురు పంపేది పెండ్లిపిల్లలు. సుల్తానాబాద్, ధర్మపురి, గోదావరి అవతల ఆదిలాబాద్ పల్లెలు, అన్నిచోట్లా బండి తోశాను. తల్లి పెండ్లిలో వాయించినవాళ్ళం బిడ్డ పెండ్లికీ పోయాం. "మాది పొడుగు పాట పెండ్లి" అని జనం గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

కానీ పందిరి ఎప్పుడూ మూడో ముక్కలోనే వచ్చేసేది. హారతి పళ్ళెం కనబడగానే బ్యాండు ఆగాలి, లోపల పంతులు ముహూర్తం దాటిపోతుందని కేకలేస్తుంటాడు. ఒకసారి ధర్మపురిలో పెండ్లిపిల్ల వాళ్ళ బాపు, "ఇంకో ముక్క ఉన్నదట గద, అది గూడ కానియ్యిన్రి," అన్నాడు. జబ్బార్ భాయ్ నవ్వి ఊరికే ఒక మాట అన్నాడు.

"పెండ్లిల ఆఖరు వాయించొద్దు పటేలా. పాట ఆఖరైతే పెండ్లి ఆఖరైనట్టే."

అంతే. అది శాస్త్రం అయి కూర్చుంది. పొడుగు పాట ఆఖరు వినొద్దు, వింటే కాపురం నిలబడదు అని జనమే కట్టు పెట్టుకున్నారు. తోవ పొడుగై పాట నాలుగో ముక్క దగ్గరికి వస్తుంటే పెద్దమనుషులు ఉరికొచ్చి ఆపేవాళ్ళు. జబ్బార్ భాయ్ నోటి మాట ఆయనకే గోడై నిలబడింది.

ఆ రోజు ధర్మపురి నుంచి తిరిగి వస్తుంటే ప్రేమన్న బండి పక్కన నడుస్తూ ఒక్క మాట అన్నాడు. "నా ముక్కకు నువ్వే తాళం ఏసినవుర జబ్బారూ."

ఆ మాట జబ్బార్ భాయ్ లోపల ముల్లులాగా ఉండిపోయిందని నాకు తర్వాత తెలిసింది.

తర్వాత డీజేలు వచ్చాయి. లారీ అంత డబ్బాలు, గుండెలు అదిరే చప్పుడు. మా వాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. ట్రంపెట్ అతను ఆటో కొన్నాడు. ఓంప్రకాశ్ ఒక షాపింగ్ కాంప్లెక్సుకు వాచ్‌మన్ అయ్యాడు. అయినా ఏడాదికి అయిదారు పెండ్లిళ్ళు పొడుగు పాట కోసమే వచ్చేవి. తర్వాత కరోనా వచ్చింది. పెండ్లిళ్ళు లేవు. జబ్బార్ భాయ్‌కి కరోనా తగిలి పద్దెనిమిది రోజులు కరీంనగర్ దవాఖానలో ఉన్నాడు. బతికి బయటపడ్డాడు. వచ్చేముందు డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో చూపించి చెప్పాడు. దూది దుమ్ము సగం తిన్నదట, కరోనా మిగతా సగంలో సగం తిన్నదట. "ఊదుడు బంద్" అన్నాడు.

క్లారినెట్ సంచిలో పెట్టి మేకుకు తగిలించారు. పరుపుల పని కూడా పోయింది. హుస్నా భాభీ బీడీలు చేసి ఇల్లు నడిపింది.

ఆ రోజుల్లోనే పాత పెండ్లి సీడీలోంచి మొదటి ముక్క ఎవరో ఫోన్లో పెట్టారు. దుబాయ్‌లో, మస్కట్‌లో పనిచేసే మనవాళ్ళు రూముల్లో అదే వింటున్నారట. ఒక రోజు నేను ఇంట్లో ఉండగానే ఫోన్ వచ్చింది. అవతలి గొంతు పెద్దగా వినిపిస్తోంది.

"జబ్బార్ సాబేనా? మాది జగిత్యాల పక్కన. మా పెండ్లి మీ పాటతోనే అయింది. నాలుగేండ్లయింది ఇంటికి రాక. జర ఒక్క నిమిషం ఊదున్రి సాబ్, ఫోన్ల వింటం. పదిమందిమి కూసున్నం."

జబ్బార్ భాయ్ కాసేపు ఫోన్ చూశాడు. "రాంగ్ నంబర్ బేటా," అని పెట్టేశాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ప్రేమన్నకు షుగర్ ముదిరింది. కిడ్నీలు పోయాయి. పోయినేడాది చలికాలంలో చూడ్డానికి పోయాం. జబ్బార్ భాయ్‌ని నా బండి మీదే కూర్చోబెట్టి తోసుకపోయాను, అంతదూరం నడిస్తే ఆయనకు ఆయాసం. ప్రేమన్న మంచం మీద ఉన్నాడు. కాళ్ళు ఉబ్బిపోయాయి.

"బండి మీద ఊరేగుకుంట వస్తున్నవ్, పెండ్లిపిలగాని లెక్క," అన్నాడు.

"పెండ్లిపిల్లవు నువ్వే గద," అన్నాడు జబ్బార్ భాయ్, దగ్గుతూ.

ఇద్దరూ నవ్వారు. తర్వాత ప్రేమన్న నవ్వు ఆపాడు.

"నేను పోతే పెండ్లి గాదు గద జబ్బారూ. ఇగ నీ శాస్త్రం నడువది. నా ముక్క వాయించు. తలుపు కాడ ఆపేటోళ్ళు ఎవ్వలుండరు."

"ఊపిరి లేదుర."

"నాకు గూడ లేదు. అందుకే చెప్తున్న."

పదకొండో రోజు పొద్దున లిడియక్క ఫోన్ చేసింది. ప్రేమన్న పోయాడు.

వార్త ఎట్లా పాకిందో తెలీదు, పది గంటలకల్లా జనం మొదలయ్యారు. సుల్తానాబాద్ నుంచి వచ్చారు, ధర్మపురి నుంచి జీపులో వచ్చారు. తెల్లబడ్డ జుట్లు, పక్కన పెరిగిన పిల్లలు. ప్రేమన్న వాళ్ళకు బంధువు కాడు. పొడుగు పాట ఇంకోసారి వినొచ్చని వచ్చారు.

జబ్బార్ భాయ్ ఇంట్లో మేకు మీది సంచి కిందికి దిగింది. ఓంప్రకాశ్ డ్రమ్ము తెచ్చాడు. ముందు చూసుకుందామని జబ్బార్ భాయ్ వాకిట్లో నిలబడి ఊదాడు. మూడు నిమిషాలకే దగ్గు. నీళ్ళు తాగి మళ్ళీ ఊదాడు, రెండు నిమిషాలు. పెదాలు నీలంగా అయ్యాయి.

హుస్నా భాభీ క్లారినెట్ పట్టుకుని గుంజింది. "ఇయ్యాల్నే రెండు మైయత్‌లు చెయ్యాల్నా నేను? ఒక్కటి జాలదా?"

"ఆగు హుస్నా, లెక్క చెయ్యనియ్," అన్నాడు. "ఆగుకుంట ఆగుకుంట ఊదితే పది నిమిషాలు వస్తది. ఇంకెక్కువ రాదు. అంతే గద లింగమూర్తీ?"

అవునన్నాను. ప్రేమన్న ఇంట్లోంచి సమాధుల తోట దాకా నడక ఎనిమిది నిమిషాలే.

"మొదటి ముక్క వాయించు భాయ్," అన్నాడు ఓంప్రకాశ్. "జనం దానికే వచ్చిన్రు. వచ్చినోళ్ళకు గదన్న ఇయ్యాలె గద."

జబ్బార్ భాయ్ గడప మీద కూర్చుని ఊపిరి సర్దుకున్నాడు.

"మొదటి ముక్క ఫోన్ల ఉన్నది. నేను పోయినా ఉంటది. ప్రేమ్ ముక్క ఏడున్నది? నీకు దెబ్బలు తెలుసు ఓంప్రకాశ్, పాట తెలవది. గది నా ఒక్కని నోట్ల ఉన్నది. గా నోట్ల ఊపిరి పది నిమిషాలు."

భాభీ క్లారినెట్ వదిలేసి లోపలికి పోయి, దూది షెడ్డులో ఆయన ఏనాడూ కట్టుకోని ముక్కు గుడ్డ తడిపి తెచ్చి మొహం తుడిచింది.

బండి మీద ప్రేమన్న క్యాసియో పెట్టమంది లిడియక్క. పెట్టాం. బ్యాటరీ తగిలించలేదు. బండి వెనక, కాలనీవాళ్ళ భుజాల మీద పెట్టెలో ప్రేమన్న. కాలనీవాళ్ళు పాట పాడి, పాస్టరయ్య ప్రార్థన చేశాక శవయాత్ర లేచింది. బండి ముందు జబ్బార్ భాయ్ క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. పదుల ఫోన్లు.

ఆయన నాలుగో ముక్కే ఎత్తుకున్నాడు.

మొదటి నిమిషం అందరూ వింటూ నడిచారు. రెండో నిమిషానికి వెనక గుసగుసలు మొదలయ్యాయి.

"గిది గాదు గద?"

"మొదలు గిట్ల లేకుండె."

"మర్సిపోయిండు పాపం. పాణం బాగలేదట."

పాట మెట్లు దిగుతోంది. దిగిన ప్రతిచోటా జబ్బార్ భాయ్ ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. ఆ పీల్చే చప్పుడు క్లారినెట్ కంటే పెద్దగా వినిపిస్తోంది. నేను బండిని మామూలు కంటే మెల్లగా తోశాను. గేటు దగ్గర పాట తెగకూడదు. ఎంత మెల్లగా తోశానంటే పెట్టె మోసేవాళ్ళు భుజాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఒక్కొక్క ఫోనే కిందికి దిగింది. తెలిసిన పాట కాకపోతే ఎవరు పట్టుకుంటారు? సగం తోవ వచ్చేసరికి పైకి ఒక్క ఫోను లేదు.

గేటు కనబడింది. ఇంకా రెండు నిమిషాల పాట ఉంది. పాస్టరయ్య గేటులో నిలబడి పుస్తకం తెరిచాడు. జబ్బార్ భాయ్ ఆయన్ని చూసి కూడా ఆగలేదు. బండిని గేటుకు నాలుగు గజాల ఇవతల ఆపేశాను. పెట్టె ఆగింది, జనం ఆగారు. వెనకనుంచి ఎవరో, "ఏయ్, తొయ్యవయా, బరువైతుంది," అని అరిచారు. నేను తొయ్యలేదు. లిడియక్క పాస్టరయ్యకు చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన పుస్తకం మూశాడు.

చివరి స్వరం చాలా కిందికి దిగి, సన్నబడి, ఊపిరి చప్పుడుగా మిగిలింది. తర్వాత అది కూడా ఆగింది. ఓంప్రకాశ్ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చప్పుడు మూశాడు. జబ్బార్ భాయ్ బండి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. నోరు తెరిచి గాలి కోసం వెతుకుతున్నాడు.

సత్తమ్మ ముందుకొచ్చింది. ఆమె మొగుడు ఎనిమిదేండ్ల కింద పోయాడు, ఇప్పుడు అదే మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. గంప దింపేసి వచ్చినట్టుంది, కొంగుకు కొత్తిమీర వాసన.

"మా పెండ్లి పాట ఏదయ్యా? పొద్దున్నే బేరం ఇడ్సిపెట్టి వచ్చిన. గిదేంది వాయించినవ్?"

జబ్బార్ భాయ్ మాట్లాడే స్థితిలో లేడు. నేను చెప్పాను.

"గదే పాట సత్తమ్మా. దాని ఆఖరు గిది. మీ పెండ్లిల వాయించని ముక్క."

ఆమె నన్ను చూసింది, పెట్టెను చూసింది, నేల మీది మనిషిని చూసింది.

"గిట్లుంటదా దాని ఆఖరు?" అంది. తల తిప్పుకుని, "తెలవకుంటనే మంచిగుండె," అంది. కొంగుతో మొహం తుడుచుకుని ప్రార్థన మొదలుకాకముందే వెళ్ళిపోయింది.

ధర్మపురి జీపు వాళ్ళు పోతూ పోతూ జబ్బార్ భాయ్ పాట మరిచిపోయాడని చెప్పుకున్నారు. ఊళ్ళో కూడా అదే మాట నిలిచింది. పెద్ద బ్యాండ్ మాస్టర్, దోస్తు సావుకు పాటే గుర్తు రాలేదు పాపం అని. నేను నలుగురికి చెప్పి చూశాను. హమాలీ మాట ఎవరు వింటారు? లిడియక్కకు తెలుసు, ఓంప్రకాశ్‌కు తెలుసు. జబ్బార్ భాయ్ దగ్గర ఈ సంగతి ఎత్తితే, "అననియ్. ప్రేమ్ విన్నడు గద," అన్నాడు.

ఆ తర్వాత క్లారినెట్ ముట్టలేదు. మళ్ళీ మేకు ఎక్కించమని కూడా అడగలేదు. ప్రేమన్న వెనక ఏడు నెలలు బతికాడు. ఆఖరి రెండు నెలలు పడుకోలేకపోయేవాడు, పడుకుంటే ఊపిరాడదు. ఎందరికో పరుపులు కుట్టిన మనిషి గోడకు ఆనుకుని కూర్చునే రాత్రులు గడిపాడు. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అట్లా కూర్చునే పోయాడు.

వాళ్ళల్లో జనాజాకు, అంటే శవయాత్రకు, బ్యాండు ఉండదు. చప్పుడు ఉండదు. నలభై ఏండ్లు అందరి ముందు మోగుకుంటూ నడిచిన మనిషి వెనక ఒక్క డప్పు లేదు. కల్మా మెల్లగా అనుకుంటూ గబగబా నడుస్తారు. మైయత్‌ను మట్టికి చేర్చడం ఆలస్యం చేయకూడదంటారు. భుజం ఇచ్చేవాళ్ళు పది అడుగులకొకరు మారుతున్నారు. నా వంతు వచ్చింది. బస్తాలు మోసిన భుజమే అది, ఆయన బరువు ఏమీ తెలియలేదు. దూది అంత ఉన్నాడు.

ఆరు అడుగులు వేశాను. ఏడో అడుగు దగ్గర నా కాలు ఆగిపోయింది.

వెనకాయన వచ్చి గుద్దుకున్నాడు. జనాజా మంచం ఒక పక్కకు ఒరిగింది. "అరే, ఏమైంది? నడువ్!" అన్నారెవరో. నడిచాను. మళ్ళీ ఆరు అడుగులు, మళ్ళీ ఆగాను. కావాలని కాదు. ఆగకుండా నడుద్దామంటే కాళ్ళు నా మాట వినలేదు.

"లింగమూర్తీ, నీతోని గాదు. జల్ది ఇడ్సిపెట్టు," అని ఒక పెద్దాయన నా భుజం కిందికి తన భుజం పెట్టాడు.

వదిలేసి పక్కకు జరిగాను. వాళ్ళు వేగంగా పోయారు. బురదలో ఆరు అడుగులు వేసి ఆగుతూ, వాళ్ళ వెనకాలే నేను చాలా ఆలస్యంగా చేరాను. అప్పటికే మట్టి వేస్తున్నారు.